ఏడో నంబరు ముద్ర

ఫ్యాక్టరీ క్వార్టర్లు, మూడో అంతస్తు
జూన్ 9

వదినా,

నువ్వు వెళ్ళి రెండు నెలలైంది. ఫోన్ చేస్తే "బాగున్నా, తిన్నావా, సరే ఉంటా" అని మూడు ముక్కల్లో తేల్చేస్తున్నావు. ఉత్తరమైతే నన్ను తిట్టడానికైనా జవాబు రాస్తావని కాగితం పట్టుకున్నాను.

మన టెస్టింగ్ గది ఇప్పుడు చూస్తే గుర్తుపట్టవు. నాలుగు బల్లలూ, నాలుగు కుర్చీలూ తీసేశారు. నీ కుర్చీ వాచ్‌మన్ పట్టుకుపోయాడు, గేటు దగ్గర వేసుకుని దర్జాగా కూర్చుంటున్నాడు. గోడ వారగా ఒక ఇనప చట్రం, అందులో మూడు ప్రోగ్రామబుల్ పవర్ సప్లైలు. మీ పాత వాటికి నాబ్, ముల్లు ఉండేవి కదా, వీటికి ఆ రెండూ లేవు. కంప్యూటర్ ఎంత వోల్టేజీ ఇమ్మంటే అంత ఇస్తాయి. ఇరవై నాలుగు దగ్గర మొదలుపెట్టి వోల్టులో పదో వంతు చొప్పున దిగుతాయి. ఆసుపత్రుల మందు పంపుల్లో పెట్టే మన బోర్డు ఏ అంకె దగ్గర కరెంటు వదిలి బ్యాటరీని అందుకుందో అదే రాసుకుంటుంది. చెయ్యి పెట్టే పనే లేదు. ఆ ప్రోగ్రాం ఎవరో బయటి కంపెనీవాళ్ళు రాసిచ్చారు.

ఒక సంగతి అడగాలి. స్టోర్‌లో నీ ఏడో నంబరు ముద్ర ఉన్న పాత బోర్డులు రెండువందల నలభై మిగిలాయి. కొత్త మెషీను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామని మేనేజరు వాటిని ఎక్కించమన్నారు. నీ చేతి మీదుగా వెళ్ళినవి కదా, అన్నీ పాసవ్వాలి. తొమ్మిది ఫెయిలయ్యాయి. ఇరవై, ఇరవై ఒకటి మధ్యలో బ్యాటరీకి మారాల్సినవి పదిహేడు దాకా మారలేదు.

"ఆవిడ చెయ్యి తప్పదు, మెషీనే తప్పు చూపిస్తోంది" అన్నారు మేనేజరు. ఇరవై ఆరేళ్ళలో నీ ముద్ర వేసిన బోర్డు ఒక్కటీ వెనక్కి రాలేదని అందరికీ కథలా చెబుతారుగా. మరి నువ్వు చేసేదాంట్లో మాకు తెలియని కిటుకేమైనా ఉందా? నాబ్ తిప్పే వేగమా? మీటర్ వేడెక్కే దాకా ఆగడమా? రాయి.

మీ అక్కకూ, బావగారికీ నమస్కారాలు చెప్పు.

నీ పిచ్చుక


అక్కావాళ్ళ ఇల్లు, వీధి వైపు గది
జూన్ 20

పిచ్చుకా,

వేళ్ళు నొప్పులుగా ఉన్నాయే, అందుకని నేను చెబుతుంటే మా బావగారు రాస్తున్నారు. ఈయన రిటైరైన గుమాస్తా, అక్షరాలు ముత్యాలే గానీ మధ్యమధ్యలో తన పైత్యం కలుపుతారేమోనని అనుమానం. కలిపితే అది నా మాట కాదనుకో.

(కలపను. - బావగారు)

చూశావా?

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ మెషీను సంగతి. తనకు చూడటం రాక నా బోర్డులకు వంక పెడుతోందా? దాన్ని పొద్దున్నే స్విచ్ వేసి వెంటనే పనిలో పెడుతున్నారేమో. అరగంట ఊరికే నడవనివ్వాలి. మనిషికైనా లేవగానే లెక్కలు చెప్పమంటే చెబుతాడా? మీటర్‌ను ఏడాదికోసారి పరీక్షకు పంపిస్తారు కదా, దానికి ఆ చీటీ ఉందో లేదో చూడు. తీగలు వదులుగా ఉన్నా అంకె పడిపోతుంది.

కిటుకంటావా, ఏమీ లేదు. నాబ్‌ను నిద్రపోయే పిల్లాడి మీద దుప్పటి లాగినట్టు నెమ్మదిగా తిప్పాలి. బోర్డు మీది రిలే బ్యాటరీకి మారుతూ "టక్" అంటుంది. అన్న క్షణాన చెయ్యి ఆపాలి. ముల్లు ఎక్కడుందో చూడాలి, రిజిస్టర్లో రాయాలి. అంతే. మీ అన్నయ్య చనిపోయిన వారం కూడా నేను ఆ కుర్చీలో కూర్చుని పొరపాటు లేకుండా చేశాను. ఇంట్లో నేనెవరినైనా ఆ కుర్చీలో మాత్రం ఏడో నంబరుని. మేనేజర్లు మారారు గానీ ఏడో నంబరు మారలేదు.

సరే, ఆ తొమ్మిదింటినీ మళ్ళీ పెట్టి చూడు. నీ మీద కాదు నా కోపం, ఆ ప్రోగ్రాం రాసిన బయటివాడి మీద. వాడెవడో ఒక్కరోజైనా నాబ్ పట్టుకుని ఉంటే ఇలా రాసేవాడు కాదు.

వదిన


ఫ్యాక్టరీ క్వార్టర్లు
జూలై 8

వదినా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నీ జవాబు రాసేది మీ బావగారే, ఇది ఆయన కంటా పడుతుందని తెలుసు. ఆయన ముందు చెప్పాల్సి వస్తున్నందుకు మన్నించు.

నువ్వు చెప్పినట్టే చేశాను. అరగంట వేడెక్కనిచ్చాను, తీగలు మార్చాను, మీటర్ చీటీ చూశాను. ఇంకో మీటర్ తెచ్చి పక్కన పెట్టాను. చివరికి స్టోర్లో మూలపడ్డ నీ పాత సప్లై దుమ్ము దులిపి, నా చేత్తో నాబ్ తిప్పి చూశాను. ఆ తొమ్మిదీ పదిహేడు దగ్గరే టక్ అన్నాయి. మెషీను తప్పు కాదు.

ఇంకొకటి. మీ ఊరి పెద్దాసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. మన బోర్డు ఉన్న పంపు ఒక పేషెంటుకు మందు చుక్కచుక్కగా ఎక్కిస్తోంది. కరెంటు ఒక్కసారి అటూ ఇటూ అయింది. పంపు వెంటనే బ్యాటరీకి మారకుండా ఆరిపోయి, మళ్ళీ వెలిగి, మందు వేగం సున్నా దగ్గర ఆగింది. నలభై నిమిషాలు ఎవరూ చూడలేదు. ఆపరేషనైన ఆవిడ. ప్రాణం నిలిచింది గానీ రెండు రోజులు మళ్ళీ అత్యవసర వార్డులో పెట్టారు. పంపు ఆన్ చేయడం మర్చిపోయావని నర్సును సస్పెండ్ చేశారు. "నేను ఆన్ చేశాను" అని ఆ అమ్మాయి రాసిన కాగితం కూడా ఫిర్యాదుతో పాటు వచ్చింది. మేనేజరు దాన్ని ఫైల్లో పెట్టి "నర్సులు అలాగే అంటారు" అన్నారు. ఆ బోర్డు నంబరు వెతికాను. ముద్ర ఏడు.

రిజిస్టర్ తీశాను. పోయిన ఏడాది వానాకాలం దాకా నీ అంకెలు గజిబిజిగా ఉన్నాయి, నిజమైన కొలతలు ఎలా ఉంటాయో అలా. అక్కడి నుంచి 20.4, 20.5, 20.6. మళ్ళీ 20.5, 20.4. అల్లిక పెట్టినట్టు పేజీలకు పేజీలు. వదినా, అవి కొలిచినవేనా?

నిన్ను అడిగేముందు నా అబద్ధం కూడా ఒప్పుకోవాలి. ప్రోగ్రాం రాసింది బయటివాళ్ళు కాదు. నేను. మార్చిలో నాలుగు రోజులు నీ పక్కన కూర్చుని "కొత్తవాళ్ళకు నేర్పాలి" అని నోట్సు రాసుకున్నానే, అది దానికే. నీ కుర్చీ పోతుందని అప్పటికే తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు.

పిచ్చుక


అక్కావాళ్ళ ఇల్లు
జూలై 17

అమ్మా,

తొమ్మిదేళ్ళ దానివి, జ్వరంతో మీ అన్నయ్య చెయ్యి పట్టుకుని నా గుమ్మంలోకొచ్చావు. నీ జుట్టు దువ్వాను, నిన్ను చదివించాను, ఆ ఫ్యాక్టరీ గేటు లోపలికి నా వెంట తీసుకెళ్ళాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. నాలుగు రోజులు నా పక్కన కూర్చుని, నా చెయ్యి ఎలా తిరుగుతుందో చూసి, ఆ చెయ్యే అక్కర్లేకుండా చేశావు. చాలక ఇప్పుడు దొంగనంటున్నావు.

ఏ అంకె రాశానో ఆ అంకే చూశాను. నర్సు పాపం నా మెడకు చుట్టకు.

ఇక రాయకు.

(ఆవిడ చెప్పింది అక్కడితో అయిపోయింది. కవరు అంటించే ముందు ఇది నేను కలుపుతున్నాను, ఆవిడకు తెలియదు. తల్లీ, మా మరదలి వేళ్ళకు ఏ నొప్పీ లేదు. మొన్న టీ గ్లాసులో పోయబోయి బల్ల మీద పోసింది. గుమ్మంలో నేను నిలబడితే మా ఆవిడ అనుకుని "అక్కా" అని పిలిచింది. అడిగితే నవ్వేస్తోంది. నీ ఉత్తరం చదివి వినిపించాక రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కోపం వచ్చిన మనిషిలా కాదు, దొరికిపోయిన మనిషిలా కూర్చుంది. నా మాట తప్పైతే క్షమించు. - బావగారు)


అక్కావాళ్ళ ఇల్లు
ఆగస్టు 11

పిచ్చుకా,

ఇది నా చేత్తోనే రాస్తున్నాను. వరసలు ఒకదాని మీదొకటి ఎక్కితే సర్దుకుని చదువు. పక్క గదిలో బావగారు పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నారు. ఆయనకు చెప్పి రాయించాలని మూడుసార్లు కూర్చున్నాను. మూడుసార్లూ లేచి వచ్చేశాను.

నాకు కళ్ళు లేవు. పూర్తిగా లేకపోవడం కాదు. దేన్ని చూస్తే దాని నడిమధ్యలో మసి పూసినట్టు ఉంటుంది. చుట్టూ ఉన్నదంతా కనిపిస్తుంది. మీటర్ చుట్టూ ఉన్న డబ్బా కనిపిస్తుంది, ముల్లు కనిపించదు. పోయిన ఏడాది వానలు మొదలైనప్పుడు పట్టుకుంది. సెలవు పెట్టి ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆపరేషన్ లేదు, అద్దాలు లేవు, ఇంకా పెరుగుతుందన్నాడు. అదే బస్సులో తిరిగొచ్చి మర్నాడు కుర్చీలో కూర్చున్నాను.

టక్ వినిపించేది. వింటే చాలనుకున్నాను మొదట్లో. ఇన్నేళ్ళ చెయ్యి కదా, నాబ్ ఎంత తిరిగితే ఎంత దిగుతుందో తెలుసని ధీమా. అంకె మాత్రం అటూ ఇటూగా రాసేదాన్ని. నువ్వడిగావే, కొలిచినవేనా అని. కావు.

ఇక్కడితో ఆపితే సగం చెప్పినట్టు. ఒక్కోసారి టక్ ఆలస్యంగా వచ్చేది. చేతికి తెలిసేది, ఇది ఇరవై కాదు, ఇంకా కింద అని. ఆ బోర్డును పక్కన పెట్టాలి. పక్కన పెడితే ఎర్ర చీటీ మీద అంకె రాయాలి. అంకె రాయాలంటే ముల్లు చూడాలి. పక్క కుర్చీ ఆవిడను అడగొచ్చు. "ఎంతుందో చూసి చెప్పవే" అంటే చెబుతుంది. ఆ ఒక్క మాట అడగలేకపోయాను. 20.5 రాసి ముద్ర వేశాను. అలా ఎన్నో నాకే తెలియదు. అరవై కావచ్చు, వంద కావచ్చు. తెలియక చేసినవి కావు, తెలిసి చేసినవి.

ఎందుకంటావా? ఆ గదిలో అందరూ నన్ను అడిగేవాళ్ళు, నేనెవరినీ అడిగేదాన్ని కాదు. అంతకు మించి కారణం వెతికాను, దొరకలేదు.

ఇక నర్సు సంగతి. నేను రాసిన అంకె పంపు మీద కూర్చుని ఆ అమ్మాయిని అబద్ధాలకోరు అంటోంది. నీ మీద అరిచింది కూడా నీ మీద కోపంతో కాదు. ప్రోగ్రాం నువ్వే రాశావని నాకు మార్చిలోనే తెలుసు. చిన్నప్పుడు అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడేవి. అది కనిపించకపోయినా గొంతులో పట్టుకోగలను. ఎలాగూ కుర్చీ పోతోంది, ఎవరికీ తెలియకుండా బయటపడొచ్చని లోపల్లోపల సంతోషించాను కూడా. అదీ మీ ఏడో నంబరు.

నువ్వు మేనేజరుకు చెప్పకు. నేనే వస్తాను. నా నోటితో చెబుతాను.

వదిన


ఫ్యాక్టరీ క్వార్టర్లు
సెప్టెంబరు 3

వదినా,

నువ్వొచ్చి వెళ్ళి వారమైంది. నిన్ను బస్సెక్కించేటప్పుడు నీకో మాట చెప్పాల్సింది. నా వల్ల కాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు మేనేజరు గదిలో నువ్వు బల్ల అంచు పట్టుకుని నిలబడి చెబుతుంటే ఆయన కుర్చీ చూపించారు. "నిలబడే చెబుతాను" అన్నావు. అంతా చెప్పావు. ఆయన నా వైపు తిరిగి, "నువ్వు నాలుగు రోజులు పక్కనే కూర్చున్నావుగా, నీకేమీ తెలియలేదా?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా నువ్వే అన్నావు, "దానికేం తెలుసండీ, చిన్నపిల్ల. తప్పు నా ఒక్కదానిదే" అని.

నేను నేల చూశాను. ఊరుకున్నాను.

వదినా, నాకు తెలుసు. మూడో రోజు మధ్యాహ్నం టక్ అంది. నేను ముల్లు చూశాను. పద్దెనిమిది దగ్గరే ఉంది. నువ్వు ముల్లు వైపే చూస్తూ "ఇరవై పాయింట్ నాలుగు" అని రాశావు. నేను నా పుస్తకంలో పక్కపక్కన రెండూ రాసుకున్నాను: ముల్లు 18.1, వదిన 20.4. ఆ బోర్డు నా కళ్ళముందే ముద్ర వేయించుకుని వెళ్ళిపోయింది. రాత్రి ఇంటికొచ్చి ఆ పేజీ చింపేశాను. అడిగితే నువ్వు ఏడుస్తావని భయపడ్డానని అప్పుడు అనుకున్నాను. అది కాదు. అడిగితే అన్ని బోర్డులూ వెనక్కి పిలిపించాలి, నా ప్రోగ్రాం ఆగిపోతుంది, టెస్ట్ ఇంజినీరన్న పేరు ఆగిపోతుంది. నువ్వెలాగూ వెళ్ళిపోతున్నావు కదా, తప్పు కూడా నీతోనే వెళ్ళిపోతుందని అనుకున్నాను.

నీకు కళ్ళు లేక చూడలేదు. నేను చూశాను.

నిన్న మేనేజరుకు చెప్పాను. "మొన్న ఆవిడ ముందు ఎందుకు చెప్పలేదు?" అన్నారు. టెస్టింగ్ నుంచి నన్ను తీసేశారు. పోయిన ఏడాది వానాకాలం నుంచి ఏడో నంబరు ముద్రతో వెళ్ళిన బోర్డులు మూడువేల వంద. అన్నింటినీ మార్చాలి. నలుగురిని వేశారు, అందులో నేనొకదాన్ని. సంచిలో స్క్రూడ్రైవరు, కొత్త బోర్డులు వేసుకుని ఆసుపత్రులు తిరగడమే ఇక నా పని. ఇవాళ మొదటి ఆసుపత్రిలో పదకొండు మార్చాను. ఒక డాక్టరు "పాతవి బాగానే ఉన్నాయిగా, ఎందుకు మారుస్తున్నారు?" అన్నాడు. "మేము సరిగా చూడలేదు" అన్నాను. అదేదో గొప్ప మర్యాద అనుకుని టీ తెప్పించాడు. తాగలేకపోయాను.

నర్సు గురించి మీ ఊరి ఆసుపత్రికి కంపెనీ తరఫున ఉత్తరం వెళ్ళింది. తప్పు పంపుదేనని రాశారు. ఆ అమ్మాయిని మళ్ళీ తీసుకున్నారట.

నువ్వు నన్ను తిట్టి రాయి. మొదటి ఉత్తరంలో సరదాకి అడిగాను. ఇప్పుడు నిజంగా అడుగుతున్నాను.

పిచ్చుక


అక్కావాళ్ళ ఇల్లు
సెప్టెంబరు 18

పిచ్చుకా,

ఇది బావగారే రాస్తున్నారు. మన ఉత్తరాలన్నీ, నా చేత్తో రాసినదాని సంగతితో సహా, మొన్న ఆయనకూ అక్కకూ చెప్పేశాను. అక్క వెనక్కి తిరిగి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. బావగారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆ నాలుగో ఉత్తరం చివర తను కలిపింది కూడా ఒప్పుకున్నారు. ఈ ఇంట్లో ఇక దాచుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

తిట్టమన్నావు. పొద్దున్నుంచీ ప్రయత్నిస్తున్నాను, రావడం లేదు. మేనేజరు గదిలో "దానికేం తెలుసు" అన్నది నిన్ను కాపాడటానికి అనుకున్నావు. కొంత అంతే. కానీ గొప్ప కూడా ఉంది అందులో. తప్పు కూడా మొత్తం నాదే అవ్వాలి, ఇంకెవరూ పంచుకోకూడదు. చచ్చినా పోని జబ్బు. నువ్వు వెళ్ళి చెప్పి మంచిపని చేశావు. ఆలస్యం చేశావు, అది నిజం. నేను ఏడాది చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. సోమవారం బావగారిని వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఆ నర్సు డ్యూటీ దిగేదాకా మెట్ల కింద బెంచీ మీద కూర్చున్నాం. వచ్చింది. మొహం సరిగా కనిపించలేదు, చెప్పుల చప్పుడు మాత్రం త్వరత్వరగా ఉంది. ఇల్లు చేరాల్సిన మనిషి చప్పుడు. నేనెవరో చెప్పాను. ఏం చేశానో చెప్పాను. కాళ్ళు పట్టుకోబోయాను, వెనక్కి జరిగింది.

"నాకెందుకండీ ఇదంతా?" అంది. "ఉద్యోగం ఇచ్చారు, కాగితం ఇచ్చారు. ఆ కాగితం మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. పైవాళ్ళు సర్దుబాటు చేసుకున్నారంటారు. మా ఆయనకు నేను డ్యూటీలో నిద్రపోయాననే నమ్మకం. మా అత్తగారు ఆ పేషెంటు ఇంటికెళ్ళి నా తరఫున క్షమాపణ చెప్పి వచ్చింది. నేను చేయని దానికి! రెండున్నర నెలలు. మీరు నాకు సారీ చెప్పి హాయిగా వెళ్ళిపోతే ఎలా? మా ఇంటికొచ్చి వాళ్ళకు చెప్పండి."

బావగారు నా మోచెయ్యి గిల్లారు, వద్దన్నట్టు. నేను అడ్రస్ అడిగాను. ఆ అమ్మాయి అడ్రస్ చెప్పి, "ఆదివారం అందరూ ఉంటారు, మా ఆడపడుచు కూడా వస్తుంది" అంది. ఇంకా ఎక్కువమంది ముందు చెప్పాలన్నమాట. న్యాయమే.

ఆ అమ్మాయి నన్ను క్షమించలేదే. క్షమించమని నేనూ అడగలేదు. ఆ ఇంట్లో ఏమంటారో తెలియదు. తలుపు తీస్తారో లేదో కూడా తెలియదు. మేనేజరు గది వేరు, అక్కడ అందరూ నన్ను ఎరిగినవాళ్ళు. ఇది నా మొహం ఎరగని వాళ్ళ వసారా.

నువ్వూ రావాలి. ఆసుపత్రుల పనిలో ఆదివారం సెలవేగా. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చెయ్యి, వీధి వైపు గదిలో ఇద్దరికీ చోటుంది. ఈసారి నువ్వు చిన్నపిల్లవని చెప్పను. నాకు ముల్లు కనిపించలేదు, నీకు కనిపించింది, రెండూ ఆ ఇంట్లో చెబితేగానీ నర్సు మాట నిలబడదు.

తలుపు కొట్టాక మొదటి మాట నాది. రెండో మాట నీది.

వదిన